ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల టీఎల్ఎం (బోధన సామగ్రి): ఏళ్ల తరబడి వాడాక నా మార్కులు

చిత్తూరు వైపు ఒక పల్లెలో యూపీ (ప్రాథమికోన్నత) స్కూల్లో లెక్కలు, సైన్సు చెప్తాను. ట్రైనింగుల్లో చేతికిచ్చినవి, గ్రాంటుతో కొన్నవి, సొంత డబ్బులు పెట్టినవి, పిల్లలు ఇంటి నుంచి మోసుకొచ్చినవి, అన్నీ కలిసి మా బీరువా తలుపు పడటం లేదు. చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగులో కొత్తగా చేరిన వాళ్లు "ఏం కొనమంటారు సార్" అని అడుగుతుంటారు. అడిగిన ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పే ఓపిక లేక, ఇదిగో, ఉన్నదున్నట్టు రాసేస్తున్నాను.

వీడియోల్లో చూపించేటప్పుడు ఒక టేబుల్, ఒక పిల్లాడు, పక్కన నవ్వుతూ ఒక టీచరు ఉంటారు. మన దగ్గర ముప్పై మందికి పైగా ఉంటారు, పీరియడు 45 నిమిషాలు, అందులో హాజరు, హోంవర్కు, మధ్యలో ఆఫీసు నుంచి ఏదో అర్జెంటు లిస్టు కావాలని వచ్చే ఫోను. అందుకే ఏ వస్తువునైనా నేను మొదట చూసేది దాన్ని పంచడానికి ఎంత సేపు పడుతుంది, బెల్లు కొట్టే లోపు లెక్కపెట్టి వెనక్కి తీసుకోగలనా అని. దాని తర్వాతే అది ఎంత బాగా నేర్పిస్తుందో. ఈ పరీక్షలో ఖరీదైనవి చాలా తప్పాయి.

మొదటి మార్కు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్ ట్యూబుకే (గాలి కొట్టే వాల్వుకు తొడిగే సన్న రబ్బరు గొట్టం). ఇది నా కనిపెట్టుడు కాదు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా 1978లో మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమంలో పనిచేస్తున్నప్పుడు తయారుచేసిన పద్ధతి, ఆయనకు 2018లో పద్మశ్రీ కూడా వచ్చింది. వాల్ ట్యూబును ఒకటిన్నర సెంటీమీటరు ముక్కలుగా కోయాలి. మందు గీకేసిన పుల్లలను ముక్కకు రెండు వైపుల నుంచీ దూరిస్తే కీలు తయారవుతుంది. మూడో పుల్ల కూడా కలవాలంటే తుమ్మ ముల్లుతో ట్యూబుకు మధ్యలో చిల్లి పెట్టాలి. మన ఊళ్లలో తుమ్మ ముల్లుకు కరువా! ముల్లు తెమ్మంటే గుప్పెడు తెస్తారు.

ఆరో తరగతిలో త్రిభుజం, చతురస్రం చేయమని ఊరుకుంటాను, ఇంకేమీ చెప్పను. రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు లేచి, "సార్, మూడు పుల్లలది గెట్టిగా ఉండాది, నాలుగు పుల్లలది ఒరిగిపోతా ఉండాది" అంటారు. ఒరగకుండా ఏం చేయాలంటే అడ్డంగా ఇంకో పుల్ల పెడతామంటారు, కానీ అదే కొలత పుల్ల పెడితే చతురస్రం కాస్తా రాంబస్ (సమచతుర్భుజం) అయిపోతుంది. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. ఇందుకే నేను అగ్గిపుల్లలతో పాటు పొరక పుల్లలు కూడా ఉంచుతాను. పది సెంటీమీటర్ల భుజానికి కర్ణం ఎంత కోయాలో వాళ్లే కోసి చూసుకుంటారు, పదమూడు చాలదు, పదిహేను ఎక్కువ, పద్నాలుగు దాదాపు సరిపోయిందంటారు, అప్పుడు బోర్డు మీద 14.1 రాస్తే ఏడో తరగతి పైథాగరస్ సగం అయిపోయినట్టే. పంచభుజికి రెండు అడ్డ పుల్లలు, షడ్భుజికి మూడు కావాలని తేల్చుకున్నాక భుజాల్లోంచి మూడు తీసేయాలన్న సూత్రాన్ని నేను చెప్పాల్సిన పని లేదు. ఎనిమిదిలో ఘనం చేయిస్తే ముఖాలు 6, శీర్షాలు 8, అంచులు 12 వేలు పెట్టి లెక్కపెడతారు. చేసిన ఘనం నిలబడదు, పక్కకు వాలిపోతుంది. ఒక్కో ముఖానికి ఒక్కో కర్ణం వేస్తే గట్టిపడుతుంది, కరెంటు టవర్లకు అన్ని అడ్డ కడ్డీలు ఎందుకో అప్పుడు అడగండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మైనం పుల్లలు పనికిరావు, వంగిపోతాయి, చెక్క పుల్లల పెట్టెలే వెతికి కొనాలి. కొత్త సైకిళ్లకు మోటారు బండి తరహా వాల్వులు వచ్చాక ఈ సన్న ట్యూబు అన్ని చోట్లా దొరకడం లేదు, పాత సైకిల్ షాపుల్లో అడగాలి, దొరికినప్పుడు మీటర్ల లెక్కన తీసిపెట్టుకోవాలి. మన ఎండలకు రబ్బరు ఒకదానికొకటి అంటుకుపోతుంది, కాబట్టి ముక్కల డబ్బాలో కాస్త చాక్‌పీసు పొడి చల్లి ఉంచండి. పుల్లల మందు గీకడం మాత్రం పిల్లలకు అప్పగించొద్దు, ఇంట్లో మీరే చేసుకోండి. పదికి తొమ్మిది. ఒక మార్కు కోసింది ఊడ్చే పనికి, నేల మీద రాలిన ముక్కలు మరుసటి రోజు వరకూ దొరుకుతూనే ఉంటాయి.

రెండోది ఏ షాపులోనూ కొనలేరు, పాల చీటీలు. మా వైపు ఆవు లేని ఇల్లు తక్కువ. పొద్దున, సాయంత్రం పాల సెంటర్లో పోస్తే చేతికిచ్చే చీటీ మీద ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) ఎంత, లీటరు రేటెంత అన్నీ ఉంటాయి. దశాంశాల పాఠానికి ఇంతకంటే మంచి వర్క్‌షీటు నేను చూడలేదు, దశాంశ బిందువు పక్కన ఉన్న అంకెకు ఎంత విలువుందో వాళ్ల ఇంట్లో అందరికీ తెలుసు. అయినా తరగతిలో 8.15 పెద్దదా 8.2 పెద్దదా అంటే సగం మంది 8.15 అంటారు, "పదైదు పెద్దది కదా సార్" అని గట్టిగా వాదిస్తారు. సరే, ఏ పాలకు రేటు ఎక్కువ వచ్చిందో చీటీలు పక్కపక్కన పెట్టి చూడమంటే రెండో నిమిషంలో వాదన ఆగిపోతుంది. పుస్తకంలో బాణం గుర్తులు వేసిన సంఖ్యారేఖతో ఇది ఒక వారమైనా తేలదు.

ఏడో తరగతి వాళ్లతో నెల చీటీలు తెప్పించి పొద్దుటి వెన్న, సాయంత్రపు వెన్న విడివిడిగా సగటు కట్టించి కమ్మీ రేఖాచిత్రం గీయించండి. చాలా ఇళ్లలో సాయంత్రపు కమ్మీ కాస్త ఎత్తుగా వస్తుంది. ఎందుకో అడిగితే మొదట మేత అంటారు, తర్వాత నీళ్లు అంటారు, చివరికి ఇంట్లో పాలు పితికే పిల్ల ఎవరో ఉంటుంది, "సాయంత్రం పాలు తక్కువ వస్తాయి సార్, చిక్కగా ఉంటాయి" అంటుంది. రాత్రంతా ఉన్న ఎడం కంటే పగలు పితికే ఎడం తక్కువ, అందుకే పాలు తక్కువ, వెన్న శాతం ఎక్కువ. ఎనిమిదో తరగతిలో లాక్టోమీటరు (పాలలో తేలించి చిక్కదనం చూసే గాజు గొట్టం) తెప్పించి సాంద్రత చెప్తాను. నీళ్లు కలిపితే అది ఇంకా కిందికి దిగుతుందని చూపించినప్పుడు క్లాసులో కొందరు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకుంటారు, నేను ఆ జోలికి పోను.

ఒక జాగ్రత్త. చీటీ అంటే ఆ ఇంటి ఆదాయం. పేరు, మొత్తం డబ్బులు ఉన్న భాగం ఇంట్లోనే కత్తిరించి తెమ్మనండి, వచ్చాక అన్నీ కలిపేసి పంచండి. ఆవు లేని పిల్లలకూ అప్పుడు ఇబ్బంది ఉండదు, ఎవరి చీటీ ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. ఖర్చు సున్నా, పంచడం ఒక నిమిషం, వెనక్కి తీసుకోవాల్సిన పనే లేదు. పదికి పది ఇచ్చేదాన్ని నేను ఇంకొకటి చూడలేదు.

కాగితపు మైక్రోస్కోపు, అదే ఫోల్డ్‌స్కోప్. స్టాన్‌ఫోర్డ్‌లో మను ప్రకాశ్, జిమ్ సిబుల్‌స్కీ తయారుచేసి 2014లో లోకానికి చెప్పారు. మడతలు పెట్టి అమర్చుకునే అట్ట, చిన్న గాజు పూస లాంటి లెన్సు, 140 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. చింపితే చినగదు, తడిస్తే పాడవదు, ఆ విషయంలో నూటికి నూరు. ఉల్లిపాయ పొర తీసి ఒక చుక్క అయోడిన్ వేసి కిటికీ వైపు తిరిగి చూస్తే కణాలు ఇటుకలు పేర్చినట్టు స్పష్టంగా ఉంటాయి. వానలు పడ్డాక చెరువు నీళ్లు తెస్తే ఆ పీరియడు తర్వాతి టీచరుకు క్లాసు ఇవ్వడం కష్టం, ఎవరూ కదలరు.

కానీ నా పరీక్షలో ఇది వెనకబడేది ఎక్కడంటే, ఒకసారికి ఒక్క కన్నే చూడగలదు. బొటనవేళ్లతో అట్టను అటూ ఇటూ జరుపుతూ ఫోకస్ పట్టుకోవడం మొదటిసారి ఎవరికీ రాదు, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు, ఇంకా వరుసలో వెనక ఉన్న వాళ్లు "నేనింకా చూడలా" అని గోల. నేను పట్టుకున్న ఉపాయం ఏంటంటే, చూసి వచ్చిన ప్రతి ఒక్కరూ వెంటనే కూర్చుని చూసింది గీయాలి, గీసింది పక్కవాడికి చూపించకూడదు. అందరూ గీశాక గోడకు అంటిస్తే ఎవరు నిజంగా చూశారో, ఎవరు పుస్తకంలో బొమ్మ దించారో తెలిసిపోతుంది. పుస్తకం బొమ్మలో కణాలన్నీ ఒకే సైజులో ఉంటాయి, నిజం పొరలో ఉండవు. ఇంకో చిన్న సంగతి, కాటుక పెట్టుకున్న పిల్లలు చూశాక లెన్సు మీద నల్ల మరక పడుతుంది, తర్వాతి వాళ్లు "పురుగు కనపడింది సార్" అని అరుస్తారు. మెత్తటి బట్ట ముక్క ఒకటి పక్కనే కట్టి ఉంచండి. ఫోనుకు అయస్కాంతపు రింగుతో తగిలించి అందరికీ ఒకేసారి చూపించొచ్చు గానీ, తమ కంటితో చూసినప్పుడు వచ్చే కేక ఫోనులో చూసినప్పుడు రాదు. ఏడు మార్కులు.

ఇక గోడకుండే పెద్ద టచ్ స్క్రీను, ఐఎఫ్‌పీ ప్యానెల్. వచ్చిన కొత్తలో పిల్లలు టీవీ అనే అనేవాళ్లు, ఇప్పటికీ కొందరు అంటారు. వీడియోలు చూపించడానికే వాడితే మాత్రం అది నిజంగా టీవీనే, పిల్లలు వెనక్కి వాలి కూర్చుంటారు. నాకు పనికొచ్చింది ఫెట్ సిమ్యులేషన్లు, అంటే స్క్రీను మీదే చేసి చూసే ప్రయోగాలు. 2001లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టారు, పూర్తిగా ఉచితం, కొన్నింటికి తెలుగు కూడా ఉంది. ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకుని పెన్‌డ్రైవులో తెస్తే స్కూల్లో నెట్టు లేకపోయినా నడుస్తాయి, ఇది చాలా మందికి తెలియక నెట్టు కోసం చూస్తూ కూర్చుంటారు.

విద్యుత్ వలయాల పాఠానికి అందులో బ్యాటరీ, బల్బు, తీగలు కలపొచ్చు, తీగలో ఎలక్ట్రాన్లు కదులుతూ కనిపిస్తాయి, ఇది నిజం తీగతో ఎప్పటికీ చూపించలేం. భిన్నాలకు, తక్కెడ సూత్రానికి ఉన్నవి కూడా మంచివే. అయితే వలయాన్ని షార్టు చేస్తే అందులో బ్యాటరీకి మంటలు వస్తాయి, ఒక్కసారి ఆ మంట చూశారంటే ఇక ఆ పీరియడంతా అదే పని. అందుకే ముందు నిజమైన సెల్లు, టార్చి బల్బు చేతికిస్తాను. స్క్రీను మీద బల్బు ప్రతిసారీ వెలుగుతుంది, చేతిలోది వెలగదు. సెల్లు అరిగిపోయి ఉంటుంది, తీగ కొసన తొడుగు సరిగా గీకి ఉండరు, బల్బు అడుగున తుప్పు ఉంటుంది. ఎందుకు వెలగలేదో వెతికి, అలసిపోయి, ఆ తర్వాత ప్యానెల్ దగ్గరికి వస్తే అప్పుడు ఎలక్ట్రాన్ల బొమ్మ వాళ్లకు జవాబులా కనిపిస్తుంది. తిరగేసి చేస్తే ఆట అయిపోతుంది. కరెంటు పోతే ఏం చేయాలో మనసులో పెట్టుకునే క్లాసుకు వెళ్లాలి. మధ్యాహ్నం కిటికీ వెలుతురు మీద పడి సగం స్క్రీను కనిపించదు, పాత దుప్పటి ఒకటి తగిలించాం. ఆరు.

పాఠ్యపుస్తకాల్లో ఉన్న క్యూఆర్ కోడ్‌ల గురించి కూడా అడుగుతారు. 2017లో వచ్చిన దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే పాఠానికి సంబంధించినవి వస్తాయి. పాఠం చెప్పే ముందు రాత్రి నేను చూసుకోవడానికి పనికొచ్చాయి గానీ పిల్లలకు కాదు, వాళ్ల ఇళ్లలో ఫోనులు నాన్నవి, నాన్న ఇంటికి వచ్చేది చీకటి పడ్డాక. దానికంటే రెండు భాషల పుస్తకమే ఎక్కువ మేలు చేసింది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. పాఠం చదివించే ముందు రెండు పేజీల్లోనూ ఒకే మాటను వెతికి గీత గీయించి జత చేయిస్తాను, నోటుపుస్తకం వెనక ఎవరి డిక్షనరీ వాళ్లు రాసుకుంటారు. పరీక్ష ముందు వాళ్లు తిరగేసేది ఆ వెనక పేజీలే.

చార్టుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మెరిసే పెద్ద చార్టులు అధికారులు వచ్చినప్పుడు బాగుంటాయి. ప్లాస్టిక్ గణిత కిట్లలో కోణమానినులు, ఘనాలు మంచివే కానీ ఒక్క ముక్క పోతే డబ్బా మొత్తం మూలపడుతుంది, విడి ముక్కలు ఎవరూ అమ్మరు.

బయటికి తీసుకెళ్లే వాటిలో, కుప్పం దగ్గర గుడుపల్లెలో ఉన్న అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల ప్రాంగణానికి వీలైతే ఒకసారి తీసుకెళ్లండి. అక్కడ పిల్లలే తోటి పిల్లలకు ప్రయోగాలు చూపించి చెప్తారు. అది చూసి వచ్చాక మా ఎనిమిదో తరగతి వాళ్లతో ఆరో తరగతికి చెప్పించడం మొదలుపెట్టాను, ఇప్పటికీ నడుస్తోంది. తిరుపతిలో అలిపిరి దగ్గర ప్రాంతీయ సైన్సు సెంటర్ మనకు తెలిసిందే, సెలవు రోజుల్లో మాత్రం వద్దు, రద్దీలో పిల్లలు మీటలు నొక్కి పరిగెత్తడమే తప్ప చదవరు.

అన్నిటికంటే తక్కువ మంది వాడుకునేది తిరుమల ఘాట్ రోడ్డు. ఏడో తరగతి శిలల పాఠానికి. అక్కడ కొండ కోతల్లో కింద ఉన్న గ్రానైటు తరహా రాయి 250 కోట్ల ఏళ్ల కంటే పాతది, దాని మీద అడ్డంగా పరుచుకున్న నగరి క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి మారి గట్టిపడ్డ రాయి) పొరలు దాదాపు 160 కోట్ల ఏళ్లనాటివి, మధ్యలో 80 కోట్ల ఏళ్లకు పైగా కాలానికి చెందిన రాయే లేదు. భూగర్భ సర్వే వాళ్లు దీన్ని, కొండ మీద శిలాతోరణాన్ని కూడా జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా గుర్తించారు. మా పిల్లల్లో గుండు చేయించుకోవడానికైనా కొండెక్కని వాళ్లు లేరు, ఆ రెండు రాళ్లు కలిసే గీతను చూసిన వాళ్లు లేరు. ఇప్పుడు ఎవరైనా కొండకు పోతున్నామని లీవు లెటరు తెస్తే ఒక పని అప్పజెప్పి సంతకం పెడతాను. దిగేటప్పుడు బస్సు కిటికీలోంచి రాయి అడ్డ పొరలుగా మొదలయ్యే చోటు కనిపెట్టి, ఎన్నో మలుపు దగ్గర కనపడిందో రాసుకుని రావాలి. ఇద్దరు వెళ్తే ఇద్దరివీ వేరే మలుపులు వస్తాయి. ఎవరిది కరెక్టో తేల్చాలని మళ్లీ కొండకు పోదామని ఇంట్లో గొడవ చేస్తున్నారట, తల్లులు నన్ను అడుగుతున్నారు.