గీత గీసిన హెడ్మాస్టరు, అడిగి దిద్దిన హెడ్మాస్టరు

కందుకూరు వైపు ఒకే ప్రాథమికోన్నత పాఠశాలలో, ఒకరి తర్వాత ఒకరుగా, ఇద్దరు ప్రధానోపాధ్యాయుల కింద పనిచేశాను. ముఖ హాజరు యాప్ ఇంకా రాని ఆ రోజుల్లో, మొదటివారు గంట మోగిన ఐదో నిమిషానికి హాజరు పట్టీలో ఎర్రసిరాతో గీత గీసి కలానికి మూత పెట్టేవారు. రెండవవారు మధ్యాహ్నం వేపచెట్టు కింద మా క్యారేజీల మధ్యే కూర్చుని, ఎవరికి ఏ పీరియడ్ ఇబ్బందో అడిగి, టైంటేబుల్‌ను పెన్సిల్‌తో దిద్దుకొనేవారు.

ఊరి దృష్టిలో మొదటివారు సమర్థులు, రెండవవారు మెతక మనిషి. అయితే మొదటివారు సమావేశానికి ఒంగోలు వెళ్లిన రోజున మూడో పీరియడ్‌కే స్టాఫ్ రూము నిండిపోయేది. రెండవవారు లేని రోజున ఆ తేడా అంతగా తెలిసేది కాదు. 1939లో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ బృందం ప్రకటించిన ప్రయోగంలోనూ నిరంకుశ నాయకుడు గది దాటగానే బాలుర పని కుంటుపడింది, కలుపుకొనిపోయే నాయకుడు లేనప్పుడు సాగింది.

విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే. మొదటివారి హయాంలో తల్లులు సంతకం పెట్టి వెళ్లేవారు. రెండవవారి హయాంలో మధ్యాహ్న భోజనంలో గుడ్లు చిన్నవెందుకని నిలదీశారు.

వాయుగుండం వానలకు గోడ పగిలినప్పుడు మాత్రం, ఎవరినీ అడగకుండా ఆ గంటలోనే పిల్లలను బయటికి పంపిన మొదటివారి పద్ధతే నాకు మేలనిపించింది.