గేట్లు చూపించి 135 డాలర్లు

హాలీవుడ్‌లో తారల ఇళ్లు చూపిస్తామంటూ కాలిబాట మీద కేకలు వేసేవాళ్ల మాట వినకండి. మేం విన్నాం. మనిషికి 45 డాలర్లు, ముగ్గురికి 135. రెండు గంటలని చెప్పి, పైకప్పు లేని వ్యానులో, మిట్టమధ్యాహ్నపు ఎండలో గంటా పది నిమిషాలు తిప్పారు. చూసిందల్లా గేట్లు, వాటి వెనక చెట్లు. "ఇక్కడ ఫలానా నటుడు ఉండేవాడు" అని డ్రైవరు చెప్పినప్పుడల్లా "ఇప్పుడెవరుంటున్నారో అడగరా" అని నాన్న నన్ను పొడిచారు. అతనికీ తెలియదు. దిగేటప్పుడు టిప్పు డబ్బా మాత్రం మరిచిపోకుండా చాచాడు. మా ఆవిడకు తలనొప్పి, నాతో మాటల్లేవు.

నీడ కోసం హాలీవుడ్ బులివార్డ్ మీదున్న రూజ్‌వెల్ట్ హోటల్లోకి దూరాం. గది తీసుకునే స్తోమత మాకు లేదు. లాబీలో కూర్చుంటే మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. లోపల చల్లగా, మసక వెలుతురు. తలెత్తితే స్పానిష్ తరహాలో రంగులు వేసిన కప్పు. నాన్న మెడ నొప్పి పుట్టేదాకా చూశారు. 1927లో తెరిచిన ఈ హోటలుకు డబ్బు పెట్టినవాళ్లలో మూకీ సినిమా తారలు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్, ఎంజీఎం స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్ ఉన్నారు. పేరు రాకముందు మార్లిన్ మన్రో దాదాపు రెండేళ్లు ఇక్కడే ఉందట. ఈతకొలను అడుగున నీలి గీతలు గీసింది చిత్రకారుడు డేవిడ్ హాక్నీ.

అసలు సంగతి, మొదటి ఆస్కార్ వేడుక 1929 మే 16న ఇక్కడి బ్లాసమ్ రూమ్‌లోనే జరిగింది. విందుకు సుమారు 270 మంది, టికెట్టు 5 డాలర్లు, బహుమతుల పంపకం పావుగంట. విజేతల పేర్లు మూడు నెలల ముందే చెప్పేశారు కాబట్టి గుండె దడ కూడా లేదు. "మా బడి వార్షికోత్సవమే నయంరా, రాత్రి పదకొండు దాకా సాగేది" అన్నారు నాన్న. మా ఆవిడ నవ్వింది. ఆ రోజుకి అదే మొదటిసారి.

బయటకొస్తే రోడ్డుకు అవతల డాల్బీ థియేటర్. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ అందుకున్నది అక్కడే. నాన్న రోడ్డు మధ్యలో ఆగి ఇటొకసారి, అటొకసారి చూస్తుంటే చెయ్యి పట్టుకుని లాగాల్సి వచ్చింది.

మీరు కారు తీసుకెళ్లకండి. మెట్రో స్టేషను పక్కనే ఉంది, మనిషికి 1.75 డాలర్లు. మేం పార్కింగుకే 28 డాలర్లు పోశాం. ఆ రశీదు చూసి మా ఆవిడ మళ్లీ మౌనం పట్టింది.