ఆడియో కోడ్ రాసేవారికి అడ్రస్‌శానిటైజర్ ఎంతవరకు పనికొస్తుంది?

సొంతంగా రాసుకున్న ఫిల్టర్‌లోనో, శబ్దాన్ని ఆలస్యంగా వినిపించే డిలే లైన్‌లోనో పాయింటర్ (మెమరీ చిరునామా) దారి తప్పితే ప్రోగ్రామ్ వెంటనే కూలిపోవాలని లేదు. బఫర్ హద్దు దాటి చదివిన చెత్త కూడా ఫ్లోట్ విలువగానే చలామణీ అయిపోతుంది. ఎప్పుడో ఒకసారి స్పీకర్‌లో క్లిక్ వినిపిస్తుంది, అంతే. అది విని ఫిల్టర్ కోఎఫిషియెంట్లను అనుమానించేవారే ఎక్కువ. ఇలాంటప్పుడు ముందుగా ఆశ్రయించవలసినది మెమరీ తప్పులను పట్టే అడ్రస్‌శానిటైజర్‌నే అని నా అభిప్రాయం.

గూగుల్ ఇంజినీర్లు రూపొందించిన ఈ ఉచిత సాధనం 2012లో క్లాంగ్ కంపైలర్ 3.1లోనూ, మరుసటి ఏడాది మరో కంపైలర్ జీసీసీ 4.8లోనూ చేరింది. కంపైల్ చేసేటప్పుడు ఒక ఫ్లాగ్ ఇస్తే చాలు, మెమరీని తాకే ప్రతిచోటా తనిఖీని చేర్చి, ప్రతి కేటాయింపు చుట్టూ రెడ్‌జోన్ అనే నిషిద్ధ ప్రాంతాన్ని ఉంచుతుంది. నాలుగు పాయింట్ల ఇంటర్‌పొలేషన్ (పక్కపక్క నాలుగు శాంపిళ్ల నుంచి మధ్య విలువను లెక్కించడం) వాడే డిలే లైన్‌లో రీడ్ స్థానం సున్నాకు చేరినప్పుడు, బఫర్ చివరికి చుట్టి వెళ్లవలసిన కోడ్ మైనస్ ఒకటో స్థానాన్ని చదివిందనుకుందాం. అడ్రస్‌శానిటైజర్ అక్కడికక్కడే ప్రోగ్రామ్‌ను ఆపి, 1,92,000 బైట్ల బఫర్‌కు 4 బైట్లు ముందు రీడ్ జరిగిందని, ఆ బఫర్‌ను ఏ లైనులో కేటాయించారో కూడా కలిపి చెబుతుంది. ఆ నివేదిక చదివాక వెతకడానికి పెద్దగా ఏమీ మిగలదు.

వేగం సంగతి కూడా చూడాలి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 64 శాంపిళ్ల బ్లాకుకు దొరికే వ్యవధి 1.33 మిల్లీసెకన్లే. అడ్రస్‌శానిటైజర్‌తో కోడ్ సుమారు రెండింతలు నెమ్మదిస్తుంది కనుక, ప్రాసెసర్‌పై భారం తక్కువైతే శబ్దాన్ని వింటూనే పరీక్షించవచ్చు. ఇలాంటి తప్పులనే వెతికే మరో సాధనం వాల్‌గ్రైండ్ మెమ్‌చెక్ పది రెట్లకు పైగా నెమ్మదింపజేస్తుంది కనుక దానితో ఫైలు మీద పరీక్షించుకోవడమే మేలు. పైగా స్టాక్‌లోని అర్రేల హద్దులను అది పట్టించుకోదు.

లోపాలు లేకపోలేదు. ఆడియో కాల్‌బ్యాక్‌లో (ప్రతి బ్లాకుకూ శబ్దాన్ని సిద్ధం చేసే ఫంక్షన్‌లో) మెమరీ కేటాయించే మాలాక్‌ను పిలవకూడదన్న నియమం వల్ల మనం బఫర్లన్నిటినీ ముందే ఒకే పెద్ద బ్లాకుగా తీసుకుని ముక్కలుగా పంచుకుంటాం. మన ఈ మంచి అలవాటే సాధనాన్ని గుడ్డిదాన్ని చేస్తుంది: ఎడమ ఛానెల్ నుంచి కుడి ఛానెల్‌లోకి రాసేసినా, మొత్తం ఒకే కేటాయింపు కాబట్టి, నోరెత్తదు. పరీక్ష బిల్డ్‌లో ఒక్కో బఫర్‌ను విడిగా కేటాయించడమో, మధ్య ఖాళీలను దాని మాక్రోలతో నిషిద్ధంగా గుర్తించడమో తప్పదు. అలాగే, సున్నా చేయడం మరచిన ఫిల్టర్ స్టేట్‌ను (ఫిల్టర్ గుర్తుంచుకునే గత విలువలను) చదివినా ఇది పట్టుకోదు. ఆ పనికి మెమ్‌చెక్‌నో, క్లాంగ్‌లోని మెమరీశానిటైజర్‌నో ఆశ్రయించాలి.