సముద్ర శాస్త్రంలో ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు, పీహెచ్‌డీ: ఏడేళ్లు వాడాక నా రివ్యూ

మా పిన్ని కూతురు బీఎస్సీ మూడో ఏడు చదువుతోంది. మొన్న రాత్రి వాట్సాప్‌లో ఒక పోస్టర్ పంపి "అక్కా, ఇది మంచిదేనా, కట్టెయ్యమంటావా?" అని అడిగింది. పోస్టర్ నిండా నీలం రంగు, ఓ తాబేలు, ఓ డైవర్, కింద "మెరైన్ కన్జర్వేషన్ ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్ ఉంటుంది" అని, ఇంకా కింద కనీకనపడని అక్షరాల్లో ఫీజు. జవాబు మెసేజ్‌లో పట్టేలా లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. నేను ఈ దారిలో పడి ఏడేళ్లయింది. రెండు ఇంటర్న్‌షిప్‌లు, ఒక ఎమ్మెస్సీ డిసర్టేషన్, పద్నాలుగు నెలల ప్రాజెక్టు ఉద్యోగం, ఇప్పుడు పీహెచ్‌డీ చివరి దశ. ఫ్రిజ్ కొన్నవాళ్లు ఫ్రిజ్ గురించి రాసినట్టే రాస్తాను, ఏది పనిచేసింది, ఏది తుస్సుమంది అని.

ముందు డబ్బు కట్టి చేసేవాటి సంగతి తేల్చేస్తా. 2019 వేసవిలో నేను సరిగ్గా ఇలాంటిదానికే 18 వేలు కట్టాను. అమ్మ చిట్టీ పాడి తెచ్చిన డబ్బు. పది రోజుల్లో ఒక రోజు బీచ్‌లో చెత్త ఏరాం, మూడు రోజులు హాల్లో కూర్చోబెట్టి పీపీటీలు చూపించారు, ఒక రోజు మోకాళ్ల దాకా నీళ్లలోకి దింపి ఫొటోలు తీశారు, మిగతా రోజులు ఏం చేశామో నిజంగా గుర్తులేదు. లామినేషన్ చేసిన సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ తర్వాత ఎన్ని ఇంటర్వ్యూలకి వెళ్లానో, ఒక్కరు కూడా దాన్ని చూపించమనలేదు. అప్పటినుంచి ఏ అవకాశం ఎదురొచ్చినా ముందు ఒకటే చూసుకుంటా: పని అయిపోయాక నా చేత్తో తీసిన అంకెలు నా దగ్గర మిగులుతాయా, లేదా.

అసలు పని జరిగే చోట్లు మనకి మరీ దూరంలో లేవు. గోవా డోనా పౌలాలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, అందరూ ఎన్‌ఐఓ అంటారు, 1966లో మొదలైంది. దాని ప్రాంతీయ కేంద్రం విశాఖ లాసన్స్ బే కాలనీలోనే ఉంది, ఆ రోడ్డు మీద రోజూ తిరిగే మా క్లాస్‌వాళ్లలో సగంమందికి అదేంటో తెలీదు. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది. సముద్రం లేని ఊళ్లో సముద్రం ఆఫీసేంటని మా నాన్న ఇప్పటికీ నవ్వుతారు గానీ, సునామీ హెచ్చరికలూ, చేపలు ఏ వైపు దొరకొచ్చో మత్స్యకారులకి చెప్పే సలహాలూ వెళ్లేది అక్కడినుంచే. చెన్నైలో సముద్ర సాంకేతికత చూసే ఎన్‌ఐఓటీ, వాస్కోలో అంటార్కిటికా పనులు చూసే ఎన్‌సీపీఓఆర్, కొచ్చిలో సముద్రపు చేపల మీద పరిశోధన చేసే సీఎంఎఫ్‌ఆర్‌ఐ, దానికీ విశాఖలో ఓ కేంద్రం. ఇక ఆంధ్రా యూనివర్సిటీకి ఈ చదువులో పాత చరిత్రే ఉంది. 1950ల్లోనే అమెరికా నుంచి లఫాండ్ అనే శాస్త్రవేత్త వచ్చి ఇక్కడి విద్యార్థుల చేత బంగాళాఖాతం నీళ్లు కొలిపించారు.

వీటిలో ఇంటర్న్‌షిప్ అంటే వెబ్‌సైట్‌లో బటన్ నొక్కితే వచ్చేది తక్కువ. ముందు ఎవరో ఒక శాస్త్రవేత్త "సరే, రా" అనాలి. తర్వాత కాలేజీ బోనఫైడ్, హెచ్‌ఓడీ సంతకంతో లెటర్, అప్పుడు ఫైలు కదులుతుంది. స్టైపెండ్ లేకపోవడమే మామూలు, కొన్ని చోట్ల మననుంచే ల్యాబ్ ఫీజు కట్టించుకుంటారు. నేను మొత్తం 41 మెయిల్స్ పెట్టాను. అందులో 37 ఒకటే మెయిల్, పైన పేరు మార్చి, నాకు చిన్నప్పటినుంచి సముద్రమంటే ప్రాణం అని ఇంగ్లీషులో పేరాలు పేరాలు. ఒక్కదానికీ జవాబు రాలేదు. విసుగొచ్చి మిగతా నాలుగూ వేరేగా రాశాను, వాళ్ల పేపర్ చదివి, ఫలానా గ్రాఫులో సెప్టెంబరు చుక్క ఒక్కటే ఎందుకు కిందికి పడింది సార్ అని నాలుగే లైన్లు. మూడింటికి జవాబొచ్చింది. ఒకాయనైతే "మాకూ సరిగ్గా తెలీదు, వచ్చి చూడు" అని రాశారు. తర్వాత నా డిసర్టేషన్ గైడ్ ఆయనే. స్టైపెండ్ తప్పనిసరి అనుకునేవాళ్లకి సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ ఉంది, రెండు నెలలు. కాకపోతే వేసవిలో చేసేదానికి అంతకుముందు ఏడాది చివర్లోనే అప్లై చేసుకోవాలి, మార్చిలో మెలకువొస్తే లాభంలేదు.

జవాబొచ్చిన మూడింటిలో ఇంకొకటి నా రెండో ఇంటర్న్‌షిప్. పెద్ద ల్యాబ్, పేరు చెప్పను. ఎనిమిది వారాల్లో ఆరు వారాలు సీసాలు కడిగాను. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి, సీసాలు కడగడం చిన్న పనేం కాదు. సబ్బుల్లో ఫాస్ఫేట్ ఉండొచ్చు, మనం కొలవబోయేదీ ఫాస్ఫేటే, అందుకని పలచని యాసిడ్‌లో నానబెట్టి, తర్వాత శుద్ధి చేసిన నీళ్లతో మళ్లీ మళ్లీ తొలిచి, మూతి ముట్టుకోకుండా ఆరబెట్టాలి. ఒక సీసాలో తేడా వస్తే ఎంతో ఖర్చుపెట్టి తెచ్చిన నమూనా పోయినట్టే. రెండు వారాలు అదే చేయించినా నేనేమీ అనుకునేదాన్ని కాను. ఆరు వారాలంటే మాత్రం జీతంలేని సహాయకురాలిని పెట్టుకున్నట్టే. చివర్లో రిపోర్టు రాయడానికి కొంచెం డేటా అడిగితే "బయటికి ఇవ్వం" అన్నారు, పాత రిపోర్టు ఒకటి చేతికిచ్చి ఇలా రాసెయ్ అన్నారు. సర్టిఫికెట్ ఐదు నెలలకి వచ్చింది. అదీ మా సీనియర్ ఒకామె నాలుగుసార్లు వెళ్లి అడిగితే.

దానికి పూర్తిగా ఎదురు నా డిసర్టేషన్. పెద్ద ల్యాబ్ లేదు, ఓడ లేదు. భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే చోట వారానికోసారి పోటు మీద ఒకసారి, పాటు మీద ఒకసారి నీళ్లు పట్టడం, ఉప్పదనం, ఆక్సిజన్ చూడడం, నాచుజీవులు లెక్కపెట్టడం, అంతే. లుగాల్ అనే అయోడిన్ ద్రావణం వేసి నీళ్లు టీ రంగుకి వచ్చాక కొన్ని రోజులు కదపకుండా ఉంచితే అన్నీ అడుక్కి దిగుతాయి, తర్వాత వెయ్యి గళ్లున్న గాజుపలక మీద ఒక మిల్లీలీటరు పోసి మైక్రోస్కోపు కింద గడి గడీ లెక్కపెట్టాలి. మెడ పట్టేసేది, కళ్లు మూసుకున్నా గళ్లే కనపడేవి. బోటు తాత మొదటివారం నా సీసాల వైపు చూసి "ఏటమ్మా, ఈ నీళ్లు అట్టుకెళ్లి ఏటి సేత్తావు?" అన్నాడు. మార్చి మొదట్లో ఒకరోజు ఆయనే "ఇయ్యాల నీళ్లు పసరెక్కాయి సూడు" అన్నాడు, నాకు తేడా ఏమీ కనపడలేదు, ల్యాబ్‌కి వెళ్లి చూస్తే గళ్లన్నీ డయాటమ్‌లనే నాచుజీవులతో నిండిపోయి ఉన్నాయి. ఆ నెలల్లో మన తీరం వెంబడి వీచే గాలికి పైనీళ్లు తీరంనుంచి సముద్రం లోపలికి జరిగి, కిందనుంచి చల్లగా, పోషకాలతో ఉన్న నీళ్లు పైకొస్తాయి. లఫాండ్ కాలంలోనే ఇక్కడ కొలిచి చూసిన విషయం అది, పుస్తకంలో చదివి పరీక్షలో రాసింది కూడా, కానీ నా గాజుపలక మీద కనపడ్డాకే తలకెక్కింది.

తర్వాత లాక్‌డౌన్ వచ్చి పడింది. మార్చి తర్వాత నమూనాల్లేవు, డిసర్టేషన్‌కి మూడు నెలల డేటా ఏం సరిపోతుందని ఇంట్లో కూర్చుని ఏడ్చాను. మా గైడ్ ఫోన్‌లో ఆర్గో డేటా చూడమన్నారు. ఇది ప్రతి విద్యార్థీ తెలుసుకోవాల్సిన సంగతి: ప్రపంచ సముద్రాల్లో వేల సంఖ్యలో తేలియాడే యంత్రాలు ఉన్నాయి, పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతునుంచి పైకి లేస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి పంపిస్తాయి, ఆ డేటా అంతా ఉచితం. ఇన్‌కాయిస్ సైట్‌లోనూ దొరుకుతుంది. ఆ డేటాని బొమ్మలుగా గీసి చూపించే ఓషన్ డేటా వ్యూ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, నా 4 జీబీ ల్యాప్‌టాప్ మీద కూడా మూలుగుతూ నడిచింది. గంగ, మహానది, గోదావరి నీళ్లు బంగాళాఖాతం పైన పలచటి దుప్పటిలా పరుచుకుని ఉండడం, వర్షాకాలం పోయాక ఆ పొర దక్షిణానికి జారడం, అన్నీ మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చునే చూశాను. ఆ రెండో సగం డిసర్టేషనే నాకు ప్రాజెక్టు ఉద్యోగం తెచ్చింది. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలన్నీ దాని గురించే.

ఓడ ఎక్కింది 2021లో, ఆ ప్రాజెక్టులో ఉండగా, 24 రోజులు. అమ్మ ఇరవై నాలుగు రోజులూ టెన్షన్ పడింది. మొదటి మూడు రోజులు నేను అన్నం ముట్టలేదు, బకెట్ పక్కనే పడుకున్నాను, నాలుగోరోజు ఆకలి ఎంత వేసిందంటే వంటాయన భయపడ్డాడు. పని రాత్రీపగలూ షిఫ్టుల్లో. లోతునుంచి నీళ్ల సీసాల చట్రం పైకి రాగానే అందరికన్నా ముందు ఆక్సిజన్‌వాళ్లే పట్టుకోవాలి, ఆలస్యమైతే గాలి కలిసిపోతుంది. సన్న గొట్టం సీసా అడుగుదాకా పెట్టి, ఒక్క బుడగ లేకుండా నింపి, పొర్లిపోనిచ్చి, రెండు రసాయనాలు వేసి మూత బిగించి తిప్పాలి. పైపొర నీళ్లయితే వెంటనే గోధుమరంగు ముద్ద విరిగినట్టు దిగుతుంది. తెల్లవారుజామున మూడింటికి 200 మీటర్ల సీసాలో వేశాను, తెల్లగా వచ్చింది. పలచటి మజ్జిగలాగ. రసాయనం మర్చిపోయానేమో, ఇంత దూరం వచ్చి నమూనా పాడుచేశానేమో అని చేతులు వణికాయి. పక్కనున్న సీనియర్ చూసి నవ్వి, "పాడవలేదు, అందులో ఆక్సిజనే లేదు" అన్నాడు. గోధుమరంగు రావాలంటే ఆక్సిజన్ ఉండాలి కదా. బంగాళాఖాతం మధ్యలోతుల్లో ఆక్సిజన్ దాదాపు లేని పొర ఉందని ఎమ్మెస్సీలో పది మార్కులకి రాశాను, ఆ తెల్ల సీసా వెలుతురుకి పట్టుకుని చూసినప్పుడు మాత్రం ఒళ్లు జలదరించింది. నా పీహెచ్‌డీ ఆ పొర మీదే.

ఇక డబ్బు. నెట్ (పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే జాతీయ అర్హత పరీక్ష) పాసవ్వకుండా ప్రాజెక్టులో చేరినప్పుడు నాకు 25 వేలు, ఇంటి అద్దె భత్యం వేరే. కాగితం మీద. ప్రాజెక్టు నిధులు ఆగి ఏడు నెలలు జీతం రాలేదు, తర్వాత అంతా ఒకేసారి వేశారు, కానీ ఆ ఏడు నెలలూ రూమ్ అద్దె నాన్న పంపారు, పంపలేని ఇంటినుంచి వచ్చిన కుర్రాడు ఒకడు మా కళ్లముందే మానేసి ఫార్మా కంపెనీలో చేరాడు. అందరికన్నా బాగా టైట్రేషన్ చేసేది వాడే. నెట్ రాసి జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే జూనియర్ ఫెలోషిప్, వచ్చాక పరిస్థితి మారింది. నేను చేరినప్పుడు నెలకి 31 వేలు, 2023 జనవరి నుంచి 37 వేలు చేశారు, రెండేళ్లయ్యాక ఎస్‌ఆర్‌ఎఫ్, అంటే సీనియర్ ఫెలోషిప్, 42 వేలు. బతకొచ్చు. స్నేహితుల పెళ్లిళ్లకి విమానం టికెట్లు కొనలేం.

నెట్ విషయంలో మెరైన్ బయాలజీవాళ్లకి ఒక మెలిక ఉంది. మనకంటూ విడిగా సబ్జెక్టు లేదు. లైఫ్ సైన్సెస్ రాయాలి, అక్కడ పోటీ బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీవాళ్లతో, సముద్రం మీద వచ్చేది ఒకటో రెండో ప్రశ్నలు. భౌతిక, రసాయన సముద్ర శాస్త్రంవాళ్లకి భూమి, వాతావరణం, సముద్రం కలిపిన ఎర్త్ సైన్సెస్ పేపర్ ఉంది. నేను మొదటిసారి లైఫ్ సైన్సెస్ రాసి పోగొట్టుకుని, తర్వాత దీనికి మారి, రాళ్ల గురించి ఆరు నెలలు చదివి గట్టెక్కాను. మీ డిగ్రీకి దేనికి అర్హత ఉందో ఎమ్మెస్సీలో చేరకముందే చూసుకోండి.

విదేశాల గురించి అడిగేవాళ్లకి తక్కువలో చెప్తా, నేను వెళ్లలేదు కాబట్టి. అమెరికాలో ఆర్‌ఈయూ అనే, డిగ్రీ విద్యార్థుల వేసవి పరిశోధన పథకాల పోస్టర్లు మన గ్రూపుల్లో తెగ తిరుగుతాయి, అవి దాదాపుగా అక్కడి పౌరులకీ, శాశ్వత నివాసులకీ మాత్రమే, రాత్రంతా కూర్చుని ఎస్సే రాయకముందు ఆ లైను చదవండి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి బెల్జియంలోని గెంట్ యూనివర్సిటీ నడిపే ఐఎంబీఆర్‌సీ అనే ఎరాస్మస్ (యూరప్ దేశాలు కలిసి నడిపే పథకం) మాస్టర్స్‌కి వెళ్లింది, వేరువేరు దేశాల్లో చదివిస్తారు, స్కాలర్‌షిప్ వస్తే ఫీజు గొడవ ఉండదు. తను పెట్టిన అప్లికేషన్‌లో బలమైనది ఏంటని అడిగితే, కాకినాడ దగ్గర కోరంగి మడఅడవుల్లో పీతల బొరియలు లెక్కపెట్టిన మూడు నెలల పని అంది.

ఇంకో సంగతి. 2021లో కేంద్రం లోతు సముద్రాల పరిశోధనకి పెట్టిన డీప్ ఓషన్ మిషన్‌కి 4,077 కోట్లు ప్రకటించినప్పటినుంచి, మత్స్య 6000 అనే చిన్న జలాంతర్గామి వాహనంలో ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకి పంపుతారని పేపర్లో చదివినప్పటినుంచి, ఇంటికెళ్తే మావయ్య "నువ్వెప్పుడు దిగుతున్నావే?" అని అడుగుతున్నాడు. నేను రోజులో ఎక్కువసేపు ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కోడ్ రాస్తాను. పోస్టర్‌లో తాబేలు ఉన్నంత మాత్రాన మీ ఉద్యోగంలో తాబేలు ఉండదు. పీహెచ్‌డీ అయ్యాక శాశ్వత పోస్టులు కొన్నే, మా సీనియర్లలో ఇద్దరు ఆక్వా కంపెనీల్లో, ఒకరు పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే కన్సల్టెన్సీలో, ఒకామె కాలేజీలో ఉన్నారు.

మార్కులు వెయ్యమంటే, డబ్బు కట్టిన ఇంటర్న్‌షిప్‌కి ఐదుకి సున్నా, సీసాల ల్యాబ్‌కి ఒకటి, భీమిలి డిసర్టేషన్‌కి ఐదు, ప్రాజెక్టు ఉద్యోగానికి ఓడ కలుపుకుని మూడున్నర, జీతం ఆగకపోయుంటే ఇంకో అర వేసేదాన్ని. పీహెచ్‌డీకి ఇప్పుడే వెయ్యను, థీసిస్ ఇంకా గైడ్ టేబుల్ మీదే ఉంది.

మా చెల్లికి ఆ పోస్టర్ వదిలేసి, వాళ్ల ఊరి కాలవ సముద్రంలో కలిసే చోట పోటుకీ పాటుకీ ఉప్పదనం కొలిచి నోట్‌బుక్‌లో రాయమని చెప్పాను, చేతిలో పట్టే ఉప్పు మీటరు ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు, పోస్టర్ ఫీజుతో పోలిస్తే దాని ఖరీదు ఏపాటిది. ఇప్పుడే మళ్లీ మెసేజ్ పెట్టింది, ఆదివారం లోపు కడితే 20 శాతం తగ్గిస్తారట.