వినబడని డోలనాన్ని కూడా పట్టుకున్న మరమ్మతు వర్క్‌షాపు

ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఒక్కరే నడుపుకుంటున్న చిన్న వర్క్‌షాపుకు గత శీతకాలంలో నా మల్లార్డ్ 5-10 యాంప్లిఫయర్‌ను ఇచ్చాను. 1954 నాటి ఈ సర్క్యూట్‌కు ఐదు వాల్వులు (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాలు), పది వాట్లు అన్న లెక్క మీదనే ఆ పేరు వచ్చింది. ఎవరో ఇంట్లో కట్టుకున్న నా సెట్టులో మొదటి దశకు ఈఎఫ్86, తర్వాత ఈసీసీ83, చివరి దశకు రెండు ఈఎల్84లు, ఒక రెక్టిఫయర్ వాల్వు ఉన్నాయి.

స్విచ్ వేసిన నిమిషానికల్లా స్పీకరు కోను లోపలికీ బయటికీ ఊగుతూ, దూరాన పడవ ఇంజను నడుస్తున్నట్టు డుబుడుబుమనేది. ఆ చప్పుడు లేని రోజుల్లో పాట బరకగా మారి, ఒక ఈఎల్84 ఆనోడ్ (లోపలి లోహపు పలక) ఎర్రబడేది. అంతకుముందు చూసినవారు వాల్వులన్నీ మార్చారు గాని ఫలితం లేదు.

ఈ వర్క్‌షాపాయన ముందు ఏ భాగాన్నీ మార్చకుండా ఫీడ్‌బ్యాక్ తీగను, అంటే అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి మొదటి దశకు పంపే తీగను, విడదీసి చూశారు. డుబుడుబు అయినా ఆగకపోవడంతో, అది హెచ్‌టీ (వాల్వులకు అందే ఎక్కువ వోల్టేజీ) సరఫరా మీదుగా చివరి దశ నుంచి మొదటి దశకు చేరుతోందని తేల్చారు. ఈఎఫ్86కు హెచ్‌టీ అందే చోట ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు సమాంతరంగా మంచిదాన్ని తగిలించగానే చప్పుడు ఆగింది. నాకు ఈ పద్ధతే అన్నిటికంటే నచ్చింది.

రెండో జబ్బు, అంటే బరక పాట, ఎర్రబడే ఆనోడ్, గట్టిది. ఫీడ్‌బ్యాక్‌ను తిరిగి కలపగానే, చెవికి అందని దాదాపు 70 కిలోహెర్ట్జ్ డోలనం ఆసిలోస్కోపులో (తరంగాన్ని తెర మీద చూపే పరికరంలో) కనిపించింది. సెట్టులోని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎప్పుడో వేరే రకంతో మార్చారు. దాని ఫేజ్ మార్పు (సంకేతాన్ని వెనకబరిచే తీరు) వేరు కాబట్టి, ఈఎఫ్86 ఆనోడ్ దగ్గరి రెసిస్టర్-కెపాసిటర్ జతకు, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కు సమాంతరంగా ఉన్న చిన్న కెపాసిటర్‌కు పాత విలువలు సరిపోలేదు. వాటిని సరిచేసి, ఈఎల్84ల గ్రిడ్ స్టాపర్ రెసిస్టర్లను (వాల్వు ఇన్‌పుట్ దగ్గర డోలనాన్ని అణిచేవాటిని) సాకెట్ పిన్ను దగ్గరికే జరిపి, లోడుకు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి 10 కిలోహెర్ట్జ్ చదరపు తరంగంతో పరీక్షించారు.

పని ఆరు వారాలు పట్టింది, మధ్యలో కబురు రాలేదు, అది లోపమే. కాని మార్చిన ప్రతి విలువనూ చేత్తో రాసిన కాగితం సెట్టుతో పాటు ఇచ్చారు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన సెట్టు ఉన్నవారు ఆ సంగతి ఇచ్చేటప్పుడే చెబితే ఆయనకు వెతుకులాట తగ్గుతుంది.