హన్మకొండ హాల్లో నింటెండో స్విచ్: మూడేళ్ల వాడకం తర్వాత

నింటెండో స్విచ్ అనే గేమ్ కన్సోల్‌ను మొదటి వారంలోనే ఆకాశానికెత్తేసినవాళ్లు, మొదటి వారంలోనే "చెయ్యి ఒకటి చేస్తే తెర మీద ఇంకొకటి అయితంది" అని డబ్బాలో పెట్టేసినవాళ్లు ఇద్దరూ తొందరపడినట్టే. చేతి ఊపుతో ఆడే ఆటలకు యంత్రం సగమే. మిగతా సగం దాన్ని పెట్టిన గది. ఇక్కడ చెప్పేవి పది బై పన్నెండు అడుగుల హాలు, కిందకు దిగిన స్లాబుకు ఫ్యాను, కిటికీలో కూలర్, గోడకు నలభై మూడు అంగుళాల టీవీ ఉన్న ఇంట్లో మూడేళ్ల వాడకంలో తేలినవి. కన్సోల్ 2021లో వచ్చిన ఓఎల్ఈడీ మోడల్. ఎక్కువగా ఆడిన ఆటలు టెన్నిస్, బౌలింగ్, వాలీబాల్ లాంటివి ఉండే నింటెండో స్విచ్ స్పోర్ట్స్, వ్యాయామం చేయించే రింగ్ ఫిట్ అడ్వెంచర్.

కొనేముందు రెండు మాటలు. స్విచ్‌ను నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మలేదు. దుకాణాల్లో దొరికేది బయటి నుంచి తెచ్చిన సరుకు, లేదంటే అమెరికా నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులో వచ్చింది. కాబట్టి కంపెనీ వారంటీ మీద ఆశ పెట్టుకోకుండానే ధర మాట్లాడుకోవాలి. ఆట ఉండే కార్ట్రిడ్జ్‌లకు దేశం తేడా లేదు. జపాన్‌లో కొన్న యంత్రంలో అమెరికా ఆట నడుస్తుంది. చార్జర్ మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని రాసి ఉంటే మన 230కి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, పిన్ను మార్చే అడాప్టర్ చాలు. ఆ అడాప్టర్ వదులుగా ఉంటే మాత్రం నిప్పురవ్వలు వస్తాయి, గట్టిగా పట్టేది తీసుకోండి. అమెరికా నుంచి వచ్చిన, నింటెండోదే అయిన పాత వీ కన్సోల్ సంగతి వేరు. దాని అడాప్టర్ 120 వోల్టులకే చేసింది, నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది.

ఇంకొక జాగ్రత్త. స్విచ్‌లోనే చిన్న రకమైన స్విచ్ లైట్ అగ్గువకు వస్తుందని కొనకండి. దానికి కంట్రోలర్లు ఊడిరావు, టీవీకి కలవదు. చెయ్యి ఊపి ఆడాలన్నవాళ్లకు అది పనికిరాని బేరం.

ఇక అసలు విషయానికొస్తే, జాయ్‌కాన్ (కన్సోల్ పక్కల నుంచి ఊడివచ్చే చిన్న కంట్రోలర్) ఒక్కొక్కటి దాదాపు యాభై గ్రాముల బరువు, పది సెంటీమీటర్ల పొడవు. లోపల యాక్సిలరోమీటర్, గైరోస్కోప్ రెండూ ఉంటాయి. మొదటిది భూమ్యాకర్షణను బట్టి కింద ఏదో పైన ఏదో చెబుతుంది, ఊపు ఎంత జోరుగా ఉందో చెబుతుంది. రెండోది మణికట్టు ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతుంది. దిక్సూచి లాంటి భాగం మాత్రం లేదు. వీ కన్సోల్‌కు టీవీ కింద ఒక పట్టీ ఉండేది. దాన్ని సెన్సర్ బార్ అంటారు గానీ అందులో సెన్సర్ ఏమీ లేదు, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు మాత్రమే. రిమోట్ ముక్కుకు ఉన్న చిన్న కెమెరా ఆ దీపాలను చూసి టీవీ ఎటుందో పట్టుకునేది. స్విచ్‌లో ఆ గురుతు లేదు కనుక పైకి కిందికి ఎప్పుడూ ఖచ్చితంగానే ఉంటుంది, కుడి ఎడమలు మాత్రం ఆడుతూ ఉంటే మెల్లగా జరిగిపోతాయి. యంత్రం చెడిపోయిందని బెంగపడక్కర్లేదు, దాని స్వభావమే అంత. గురి పెట్టే ఆటల్లో మధ్యకు తెచ్చుకునే బటన్ ఉంటుంది. అది ఏదో ఆట మొదటి తెరల్లోనే చూపిస్తారు. అక్కడ స్కిప్ కొట్టేస్తే తర్వాత తిప్పలే.

అందరూ "డ్రిఫ్ట్" (తనంతట తాను జరిగిపోవడం) అని ఒకే మాట అనేస్తారు గానీ, లక్షణాలు చూస్తే అవి మూడు వేరు వేరు జబ్బులు. ఏది ఏదో తెలుసుకోకుండా రిపేరుకు ఇస్తే డబ్బులు పోతాయి, జబ్బు ఉంటుంది.

మొదటిది గైరో జరగడం. జాయ్‌కాన్‌ను బల్ల మీద కదలకుండా పెట్టినా ఆటలో గురి మెల్లగా ఒక పక్కకు పోతూ ఉంటుంది. మెనూలో మాత్రం అంతా బాగానే ఉంటుంది. వేడి మారినప్పుడు ఇది ఎక్కువ. ఏసీ గదిలో ఉన్నదాన్ని తెచ్చి వేడి హాల్లో వెంటనే ఆడితే కనిపిస్తుంది. పది పదిహేను నిమిషాలు హాల్లోనే ఉంచి, తర్వాత సిస్టమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్, అందులో ఊపు లెక్కను సరిచేసే క్యాలిబ్రేట్ మోషన్ కంట్రోల్స్‌కు వెళ్లాలి. మణికట్టు పట్టీ తీసేసి, ఎడమదానికి మైనస్ బటన్, కుడిదానికి ప్లస్ బటన్ నొక్కి పట్టి, తెర చెప్పినట్టు చదునైన చోట వదిలేయాలి. పరుపు, సోఫా చెయ్యి పనికిరావు. కూలర్ పక్కన వణికే టీపాయ్ కూడా పనికిరాదు. నేల మీద షాబాద్ బండ ఉంటే దానికి మించిన చోటు లేదు.

రెండోది బొటనవేలితో తిప్పే స్టిక్ జబ్బు. ఎవరూ ముట్టుకోకపోయినా మెనూలో గుర్తు తనంతట తాను కదిలిపోతుంది. స్టిక్ లోపల కార్బన్ పూత మీద చిన్న లోహపు కాలు రాసుకుంటూ తిరుగుతుంది. పూత అరిగినా, అక్కడ దుమ్ము చేరినా తప్పుడు లెక్క వస్తుంది. గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల పక్క ఇళ్లలో ఈ దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. ముందు క్యాలిబ్రేట్ కంట్రోల్ స్టిక్స్ చేసి చూడాలి. తగ్గకపోతే స్టిక్ కింది రబ్బరు అంచును సన్నటి ప్లాస్టిక్ పుల్లతో లేపి, కాంటాక్ట్ క్లీనర్ (ఎలక్ట్రానిక్ భాగాలను శుభ్రం చేసే ద్రవం) ఒక్క చుక్క వేసి, స్టిక్‌ను నాలుగైదు సార్లు గుండ్రంగా తిప్పి ఆరనివ్వాలి. దుమ్ము కారణమైతే నిలుస్తుంది, అరుగుదల కారణమైతే కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. అప్పుడు స్టిక్ మార్చడమే మందు.

మార్చడం ఇంట్లో చేసుకోదగ్గ పనే. వెనక మూడు రెక్కల గాడి ఉన్న స్క్రూలు నాలుగు ఉంటాయి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌తో తిప్పితే గాడి అరిగిపోతుంది, మూడు రెక్కల బిట్ కొనాల్సిందే. స్క్రూలు తీశాక రెండు సగాలను లాగేయకండి, లోపల పలచటి రిబ్బన్ కేబుళ్లు కలుపుతూ ఉంటాయి. పుస్తకం తెరిచినట్టు పక్కకు తెరవాలి. మొట్టమొదట బ్యాటరీ ప్లగ్గు ఊడదీయాలి. స్టిక్‌ను పట్టి ఉంచేవి రెండు స్క్రూలు, ఒక రిబ్బన్. రిబ్బన్ తాళాన్ని గోటితో మెల్లగా పైకి లేపి తీయాలి, బలం పెడితే తాళం విరుగుతుంది. దాంతో బోర్డే పోయినట్టు. కొత్తదాన్ని పెట్టేటప్పుడు అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్ పెట్టించుకోండి. అందులో రాసుకునే భాగం లేదు, ఆ అరుగుదల బాధ ఉండదు. కొంచెం పిరమైనా అదే మేలు. బిగించాక స్టిక్ క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాలి.

మూడోది బ్లూటూత్ తెగడం. చెయ్యి ఊపితే ఒకసారి తగులుతుంది, ఒకసారి అసలు తగలదు. నడుమ బొమ్మ ఆగి ఒక్కసారిగా దూకుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే బాధ ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు. టీవీ వెనక సందులో డాక్ (కన్సోల్‌ను టీవీకి కలిపే స్టాండు) పెట్టడం, ఇనుప బీరువా పక్కన పెట్టడం, వైఫై రౌటర్‌ను దాని నెత్తి మీద పెట్టడం అసలు కారణాలు. డాక్‌ను టీవీ ముందుకు, ఆడేవాళ్లకు ఎదురుగా కనిపించేలా తెచ్చి, రౌటర్‌ను కనీసం మూడు నాలుగు అడుగులు జరిపితే చాలామందికి అక్కడితోనే తీరిపోతుంది. చేపల తొట్టి పక్కన పెట్టినా ఇదే గతి, నీళ్లు ఆ తరంగాలను మింగేస్తాయి. బ్లూటూత్ స్పీకర్ కలిపినప్పుడు కంట్రోలర్లు రెంటికి మించి పట్టవు, జత జాయ్‌కాన్లు రెండుగానే లెక్క. నలుగురు ఆడాలంటే స్పీకర్‌ను వైరుతోనే కలపాలి.

ఈ మూడూ బాగున్నా టెన్నిస్‌లో బంతి దాటిపోయాక బ్యాటు ఊగుతోందంటే తప్పు టీవీది. బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో టీవీ ఆలస్యం చేస్తుంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టండి. ఈ ఒక్క మార్పుతో కన్సోల్ మీద అభిప్రాయమే మారిపోతుంది.

చోటు గురించి: ఒకరికి చేతులు చాచి చుట్టూ తిరిగినా ఏదీ తగలనంత, ఇద్దరికి కోలాటం వేసేంత జాగా కావాలి. టీపాయ్ తీసేసి సోఫాను గోడకు నెడితే పది బై పన్నెండు హాలు ఇద్దరికి సరిపోతుంది, నలుగురికి చాలదు. బౌలింగ్ వంతులవారీగా ఆడొచ్చు కనుక దసరా సెలవులకు ఇంటినిండా పిల్లలున్నప్పుడు అదే సుఖం. అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి చెయ్యి ఎత్తితే ఏడడుగులు దాటుతుంది. ఎనిమిదడుగుల ఎత్తులో ఫ్యాను తిరుగుతుంటే వాలీబాల్‌లో ఎగిరి కొట్టేవాళ్ల వేళ్లకు అది చాలా దగ్గర. ఆడినంతసేపు ఫ్యాను ఆపి, గోడ ఫ్యానో కూలరో వేసుకోండి. జాయ్‌కాన్‌కు తగిలించే ప్లాస్టిక్ రాకెట్లు, కత్తులు అమ్ముతారు. వాటి వల్ల ఆట మెరుగు కాదు, పొడవు పెరిగి దెబ్బలు పెరుగుతాయి.

మణికట్టు పట్టీ తప్పనిసరి. పట్టీ మీద ప్లస్ గుర్తు ఉంటే ప్లస్ జాయ్‌కాన్‌కు, మైనస్ ఉంటే మైనస్‌దానికి. తలకిందులుగా దూర్చితే ఇరుక్కుంటుంది, బలంగా లాగితే పక్క పట్టాలు దెబ్బతింటాయి. ఎక్కించాక కింది తాళం నొక్కాలి, దారం మీది బిగింపు మణికట్టు దాకా జరపాలి. చెమట పట్టిన చేతిలోంచి జారే జాయ్‌కాన్ నేరుగా పోయేది టీవీ మీదికే.

రింగ్ ఫిట్ ఈ యంత్రానికి దొరికిన అసలు వరం. కుడి జాయ్‌కాన్ ఆటతో పాటు వచ్చే రింగులో, ఎడమది తొడ పట్టీలో. రింగును ఎంత నొక్కారో, మోకాలు ఎంత వంచారో రెండూ లెక్కలోకి వస్తాయి. బద్ధకంగా సగం కూర్చుని లేస్తే లెక్క కలవదు, అందుకే మోసం కుదరదు. కుడి జాయ్‌కాన్ కింద ఉన్న కెమెరా మీద బొటనవేలు పెడితే గుండె వేగం చూపిస్తుంది. కష్టం 1 నుంచి 30 దాకా ఉంటుంది. పై అంతస్తులో అద్దెకున్నవాళ్లు సైలెంట్ మోడ్ పెట్టుకోవాలి. నిలబడి పరుగెత్తడానికి బదులు మోకాళ్లు వంచి లేవడం వస్తుంది, కిందింటివాళ్లకు దబదబ చప్పుడు ఉండదు. నేల మీద కొత్తవాడ జంపఖానా వేసుకుంటే మెత్తగా ఉంటుంది గానీ, నున్నటి టైల్స్ మీద నూలు జంపఖానా జారుతుంది. దాని కింద రబ్బరు మ్యాట్ పరచాలి. తొడ పట్టీ లుంగీ మీద నిలవదు, నిక్కరు గుడ్డ మీద బిగించాలి. చెమటకు వాసన రాకముందే పట్టీని, రింగు పిడుల తొడుగులను ఊడదీసి చేత్తో ఉతికి నీడలో ఆరేయండి.

ఎండకాలం ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ యంత్రాన్ని 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలన్నది నింటెండో చెప్పిన లెక్క. రామగుండంలో, మన వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం నలభై దాటుతుంది. అప్పుడు డాక్‌లో పెట్టి గంటలు ఆడితే లోపలి ఫ్యాను అరుస్తుంది, చివరికి యంత్రమే హెచ్చరించి నిద్రలోకి పోతుంది. తెల్లవారుజామున గానీ రాత్రి తొమ్మిది దాటాక గానీ ఆడండి. పై అంచున గాలి పోయే సందు మీద గుడ్డ కప్పకండి. కూలర్ తడిగాలి నేరుగా డాక్ మీద పడకుండా చూసుకోండి. కరెంటు పోతే భయం లేదు. టీవీ ఆరిపోయినా కన్సోల్ తన బ్యాటరీ మీద ఉంటుంది, ఆట పోదు. డాక్‌కు 15 వోల్టులు, 2.6 ఆంపియర్లు ఇచ్చే చార్జర్ కావాలి. ఫోన్ చార్జర్‌తో కన్సోల్ మెల్లగా ఎక్కుతుంది గానీ, చాలా వాటితో టీవీ మీద బొమ్మ రాదు.

జాయ్‌కాన్లు నిండటానికి మూడున్నర గంటలు పడుతుంది, దాదాపు ఇరవై గంటలు వస్తాయి. పెట్టెలో వచ్చే గ్రిప్ (రెండు జాయ్‌కాన్లను కలిపి పట్టుకునే పిడి) చార్జింగ్ చేయదు, కన్సోల్‌కు తగిలిస్తేనే ఎక్కుతాయి. 2025లో వచ్చిన స్విచ్ 2 కొన్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. రింగ్ ఫిట్‌కు పాత జాయ్‌కాన్లే కావాలి, అవి కొత్త యంత్రానికి తగలవు, కాబట్టి చార్జింగ్ గ్రిప్ విడిగా కొనాలి. పరీక్షల నెలల్లో మూలన పెట్టినా ఆరు నెలలకొకసారి అన్నింటినీ నిండా చార్జ్ చేయండి, లేకపోతే బ్యాటరీ మళ్లీ లేవదు.

పాతది కొనేవాళ్లు మోడల్ నంబర్ చూడండి. హెచ్‌ఏసీ-001 అని మాత్రమే ఉంటే 2017 నాటి రకం, బ్యాటరీ రెండున్నర నుంచి ఆరున్నర గంటలు. చివర బ్రాకెట్లో -01 ఉంటే 2019లో వచ్చిన రకం, నాలుగున్నర నుంచి తొమ్మిది. హెచ్‌ఈజీ-001 అయితే ఓఎల్ఈడీ. అమ్మేవాళ్ల ముందే ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి ఈషాప్ (నింటెండో ఆన్‌లైన్ దుకాణం) తెరవండి. 2124-4007 అన్న ఎర్రర్ కోడ్ వస్తే ఆ యంత్రాన్ని ఆన్‌లైన్ నుంచి శాశ్వతంగా వెలివేసినట్టు, ఎంత అగ్గువకు ఇచ్చినా వద్దు. తర్వాత స్టిక్ క్యాలిబ్రేషన్ తెరలో ఒక్కో స్టిక్‌ను తిప్పి వదిలి, చుక్క మధ్యకు వచ్చి ఆగిందో లేదో చూసి, అప్పుడు పైసలు లెక్కపెట్టండి.