పీఎం 2.5 మీటరు: మా వంటింటి అనుభవం
అమ్మ ఆయాసం వల్ల, గాలిలోని పీఎం 2.5ను, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నని కణాలను కొలిచే ఈ చిన్న మీటరు కొన్నాను. ఎండుమిర్చి పోపు వేసిన రెండు నిమిషాల్లోనే అంకె 40 నుంచి 200 దాటడం చూశాక, వంటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపడం మానేశాం. అయితే ఇది కణాల మీద పడి చెదిరే లేజర్ కాంతిని బట్టి లెక్కగడుతుంది కనుక, పొగమంచు ఉదయాల్లో తేమను కూడా ధూళిగా చూపుతుంది. వాయువులను అసలు పట్టదు. ఈ లోటు చిన్నది కాదు. 1948లో అమెరికాలోని డొనోరాలో విషపు పొగమంచు 20 మందిని బలిగొన్న తర్వాత, విషశాస్త్రవేత్త మేరీ ఆమ్డర్ సల్ఫర్ డయాక్సైడ్ వాయువు సన్నని కణాలతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని పెరుగుతుందని గినీ పందులపై ప్రయోగాలతో చూపారు. ఆ పరిశోధన దారిలోనే 1953లో హార్వర్డ్‌లో ఉద్యోగం పోయినా ఆమె వెనక్కి తగ్గలేదు. పీఎం 2.5కు 24 గంటల సగటు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి ఘనపు మీటరు గాలికి 15 మైక్రోగ్రాములు, మన దేశంలో 60. గాలి బాగుందని తెరపై చూపే పచ్చరంగు వీటిలో దేని ప్రకారమో తయారీదారులు తప్పక చెప్పాలి.